కాలిన దిబ్బలో తెల్లరాళ్ళు

మా పురావస్తు తవ్వకాల వృత్తిలో కాలిన రాళ్ళ దిబ్బంటే ఎవరికీ గౌరవం లేదు. బంగారం దొరకదు, కత్తి దొరకదు, కుండపెంకు కూడా దొరకదు. మూడున్నర వేల ఏళ్ళ కిందట ఎవరో నీళ్ళ పక్కన గుంట తవ్వి, లోపల చెక్కపలకలు దిగ్గొట్టి తొట్టిలా చేసి, ఎర్రగా కాల్చిన రాళ్ళను అందులో వేసి నీళ్ళు మరిగించారు. పగిలిన రాళ్ళను పక్కకు విసిరేశారు. ఆ రాళ్ళూ బొగ్గూ పేరుకుని గుర్రపు నాడా ఆకారంలో దిబ్బ అయింది. మాంసం ఉడికించారో, స్నానాలు చేశారో, ఉన్ని ఉతికారో ఇప్పటికీ తేలలేదు. ఐర్లండ్ పడమటి తీరాన మా మేయో కౌంటీలో చిత్తడి ఉన్న ప్రతి పొలంలోనూ ఇలాంటిది ఒకటుంటుంది. కొత్త రోడ్డు వేస్తున్నారంటే దాని కింద నాలుగైదు బయటపడతాయి, వాటిని తవ్వడానికి నన్ను పంపుతారు. కోటలూ మఠాలూ మర్యాదస్తులకు, బురద నాకు.

ఆ ఏడు అక్టోబరులో గ్లాన్‌డూ పొలానికి పంపారు. నెలాఖరుకు రోడ్డు కాంట్రాక్టరు యంత్రాలు దిగుతాయి. ఆలోగా దిబ్బను తవ్వి, కొలిచి, బొమ్మ గీసి మేం తప్పుకోవాలి. వాన ఆగేది కాదు. తోడిన తొట్టి మేం టీ తాగి వచ్చేసరికి మళ్ళీ నిండిపోయేది. అడుగున ఊట ఉంది, అంతకు మించి వింతేమీ లేదు. వింత లేదని తెలిసినా, రోజూ పొద్దున్న అది అంచుదాకా నిండి, ఎవరో ఇప్పుడే వస్తారన్నట్టు సిద్ధంగా కనిపిస్తే నాకు నచ్చేది కాదు.

నా దగ్గర తవ్వేవాళ్ళలో కోల్‌మన్ పాతవాడు. చేతులతో పాటు నోరూ ఆడుతూనే ఉండాలి.

"ఇది బీరు కాచిన చోటే బాస్," అనేవాడు. "ఇన్ని కట్టెలు కొట్టి, ఇంత రాయి మోసింది ఒళ్ళు కడుక్కోడానికంటే నేన్నమ్మను. మనవాళ్ళ సంగతి నాకు తెలీదా?"

అలాంటి కోల్‌మన్ ఆ నాడా దిబ్బ దక్షిణపు కొమ్ము దగ్గరికి వెళ్తే మాత్రం మాట్లాడేవాడు కాదు. అటు కూర్చుని తిండి కూడా తినడు. ఎందుకయ్యా అంటే అక్కడ చలెక్కువన్నాడు. పదడుగుల దూరంలో చలి ఎలా మారుతుందని నేను విసుక్కున్నాను. ఆ మాటకొస్తే నేనూ అటువైపు తవ్వకం వాయిదా వేస్తూనే ఉన్నాను.

మొదటి వారంలోనే ఒక ముసలావిడ వచ్చి కంచె అవతల నిలబడింది. డెబ్భై దాటి ఉంటాయి. తలకు గుడ్డ, ఒంటిమీద మగవాళ్ళ వానకోటు.

"నువ్వేనా పిల్లా ఇక్కడ పెద్దదానివి?"

నాకు నలభై ఆరేళ్ళు. అవునన్నాను.

"మా పాప కనిపించిందా?"

కంచె దాటి ఏ పిల్ల లోపలికొచ్చిందో అని నా చూపు ముందు తొట్టి మీదికే పోయింది. "ఎప్పుడు తప్పిపోయింది? వయసెంత?" అన్నాను.

"వయసేం లేదు," అందావిడ.

ఆవిడ పేరు అట్రాక్టా కాఫర్కీ. యాభైయేళ్ళ కిందట ఆమెకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని, ఊపిరి లేకుండానే పుట్టింది. జ్ఞానస్నానం కాని బిడ్డకు అప్పట్లో చర్చి నేలలో చోటు లేదు. పొద్దు వాలాక తండ్రి కోటు కింద పెట్టుకుని తీసుకెళ్ళి, ఎవరిదీ కాని చోట పూడ్చి రావాలి. పొలాల సరిహద్దులో, పాత దిబ్బల్లో, సముద్రపు గట్టున. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పకూడదు. ఇదంతా మా అమ్మమ్మ తరం వాళ్ళకు తెలిసిన పద్ధతే, ఎవరూ నోరెత్తి చెప్పుకోని పద్ధతి.

"మా ఆయన మలాకీ దాన్ని తీసుకెళ్ళేటప్పుడు నేను గోడవైపు తిరిగి పడుకున్నా," అందావిడ. "చీకటిపడ్డాక వచ్చాడు. బూట్లు పొయ్యి దగ్గర పెట్టి కూర్చున్నాడు. నేను బూట్ల వంకే చూశా. నల్లమట్టి, అందులో ఎర్రగా పగిలిన రాళ్ళ ముక్కలు. ఈ ఊళ్ళో ఆ మట్టి ఈ పొలంలో తప్ప ఇంకెక్కడుందో చెప్పు."

నా బూట్లకూ అదే మట్టి ఉంది.

"మీవారిని అడగలేదా?"

"ఒక్కసారి అడిగా. టోపీ పెట్టుకుని ఆవుల దగ్గరికెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు. కిందటేడాది ముందటేడు పోయాడు. పోయేటప్పుడు కూడా ఆ మాటెత్తలేదు." కంచె తీగ పట్టుకుని నా వైపు వంగింది. "ఇప్పుడొచ్చిన ఫాదర్ ఒప్పుకున్నాడు. దొరికితే మలాకీ సమాధిలోనే పెట్టొచ్చంట. ఇప్పుడు దానికి స్వర్గంలోకి అడ్డేం లేదంట. అప్పుడెందుకుందో ఆయనకీ తెలీదు. ఈ రోడ్డు పడిందంటే దాని మీద లారీలు తిరుగుతాయి పిల్లా."

ఆశ పెట్టడం నాకు చేతకాదు. ఉన్నది చెప్పేశాను. "మిసెస్ కాఫర్కీ, ఈ నేల ఎముకను ఉంచదు. ఈ మట్టిలో పులుపుంటుంది, అది తినేస్తుంది. చిన్నబిడ్డ ఎముకలైతే ఎప్పుడో పోయుంటాయి."

"ఎముకలు కావాలని నేనడిగానా? ఎక్కడుందో చెప్పమంటున్నా."

రోజూ మధ్యాహ్నం వచ్చేది. వానలో అలాగే నిలబడేది. వెలుతురు తగ్గే వేళకు తల ఒక పక్కకు వంచి, "అదిగో. వినపడుతోందా?" అనేది. బిడ్డ ఏడుపు ఈ పొలంలోంచి యాభైయేళ్ళుగా వినిపిస్తోందట. కోల్‌మన్ ఆవిడతో మృదువుగానే చెప్పేవాడు, అది ఉల్లంకిపిట్ట అని. మగ ఉల్లంకి ఆకాశంలోంచి కిందికి దూకేటప్పుడు తోక ఈకలు గాలికి అదిరి మేకపిల్ల అరిచినట్టుంటుంది. చిత్తడి పక్కన పెరిగిన ఎవరికైనా తెలిసిన చప్పుడే.

ఆవిడను తిట్టి ఇంటికి పంపడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. మలాకీ తమ్ముడు ఫెస్టస్. సందు చివరి ఇల్లు ఆయనదే. చేతికర్ర ఊపుతూ గేటు దాకా వస్తాడు గానీ లోపలికి అడుగు పెట్టడు.

"చచ్చినోళ్ళ పొయ్యిలో బూడిద కెలకడానికి మీకు చదువులు కావాల్సొచ్చిందా?" అని ముందు మాకు వడ్డించేవాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగేవాడు. "ఇంటికి పో అట్రాక్టా. ఛాతీ పట్టేస్తే నీకు కషాయం కాచేవాళ్ళెవరూ లేరు."

"నీకు తెలుసు ఫెస్టస్."

"నాకేం తెలుసు? నాకు నా మోకాళ్ళ నొప్పులు తెలుసు."

"చూశావా పిల్లా," అనేది నాతో. "ఇతను మా ఆయన నీడ. ఆయన తుమ్మితే ఇతను ముక్కు తుడుచుకునేవాడు. ఇతనికి తెలీకుండా ఆయన గడ్డిపోచ కూడా కదిపి ఉండడు."

ఫెస్టస్ కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయేవాడు. నాకు ఆయన మీద మహా కోపంగా ఉండేది. ముసలితనంలో ఇంత మొండితనం దేనికని.

ఒకరోజు సాయంత్రం అందరూ వ్యాను దగ్గరికి వెళ్ళారు. నేను తొట్టి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాను. దక్షిణపు కొమ్ము వైపు నుంచి చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. ఉల్లంకి అనుకుని పట్టా అంచున రాయి పెట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ఉల్లంకి అలా కూసేది వసంతంలో, జత కోసం. అక్టోబరులో కూయదు. పైగా ఆ చప్పుడు ఆకాశంలోంచి రావడం లేదు. నేల దగ్గర నుంచి వస్తోంది.

నాకు భయమేసింది. రాయి చేతిలోనే ఉండిపోయింది. వ్యాను హారన్ కొట్టాక దాన్ని అక్కడే పడేసి బండి వైపు నడిచాను. కోల్‌మన్ నా మొహం చూసి, "మీరూ విన్నారా బాస్?" అన్నాడు. నోర్మూసుకుని బండి నడపమన్నాను.

మర్నాడు పొద్దున్నే అందరినీ దక్షిణపు కొమ్ముకు మార్చాను. కారణం అడిగితే గడువు దగ్గరపడిందన్నాను. అదీ నిజమే.

గడ్డి తీయగానే తెల్లరాయి కనిపించింది. ఇలాంటి దిబ్బలో రాయంతా ఇసుకరాయే. నిప్పుకు ఎర్రబారి, నీళ్ళకు పగిలి, కోసుగా ఉంటుంది. ఇది గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. నిప్పు మొహం చూడలేదు. కోల్‌మన్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఏమనుకున్నాడో మళ్ళీ ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టేశాడు. దాని పక్కన ఇంకొకటి. దాని కింద, నాచు పెరిగి మట్టి అయిన పొరలో, ఇంకొన్ని. ఒక బల్లంత చోటులో కింది దాకా రాళ్ళే.

నాకు అర్థమైందనుకున్నాను. జ్ఞానస్నానం కాని పసిపిల్లల సమాధుల మీద తెల్లరాయి పెట్టడం ఈ ప్రాంతంలో నేను ఇంతకు ముందు చూసిందే. రాయికొక బిడ్డ. తరతరాలుగా ఊళ్ళో తండ్రులంతా చీకటి వేళ ఇక్కడికే వచ్చారన్నమాట. పని ఆపించాను. చట్టప్రకారం చెప్పాల్సినవాళ్ళకు చెప్పాను. పోలీసాయన వచ్చి టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. చావుల మీద విచారణ చేసే కరోనర్ ఆఫీసు నుంచి జాగ్రత్తగా కానివ్వండని కబురొచ్చింది. రోడ్డు ఇంజనీరు మాత్రం నా తలకాయ తిన్నాడు.

ఆ మధ్యాహ్నం అట్రాక్టా రాగానే నేనే కంచె దగ్గరికి ఎదురెళ్ళాను. మంచి కబురు తీసుకెళ్తున్నాననే అనుకున్నాను.

"మీరన్నది నిజమే మిసెస్ కాఫర్కీ. ఇక్కడ పిల్లల్ని పెట్టారు. మీ పాప ఒక్కతే కాదు, చాలామంది ఉన్నారు."

"చాలామందంటే?"

"నలభై పైనే ఉండొచ్చు."

ఆవిడ పెదాలు కదిలాయి. ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు వరసగా తలుచుకుంటోందని కాసేపటికి తెలిసింది. పేర్లు అయిపోయాయి గానీ లెక్క చాలలేదు. "వాళ్ళల్లో మాది ఏది?"

"చెప్పలేను."

"ఏ గుర్తూ ఉండదా?"

"ఉండదండీ."

"అయితే దేన్నీ తియ్యొద్దు," అంది. "ఇంకోతల్లి బిడ్డని పట్టుకెళ్ళి మలాకీ పక్కన పెట్టి, ఇదే నాదని దండం పెట్టుకోనా? నాది ఇక్కడ లారీల కింద పడుంటే?"

నేను ఏదో అనబోయాను. ఆవిడ వినలేదు. తీగ పైకెత్తి, వంగి, కంచె దాటి లోపలికి వచ్చింది. రాళ్ళ దాకా వచ్చి, ఆ నల్లబురదలో అలాగే కూలబడింది. కోల్‌మన్ లేపడానికి పోతే చెయ్యి విదిలించింది. వాన తలగుడ్డ మీద నుంచి మొహం మీదికి కారుతోంది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. నా జీవితంలో నా నోటిని అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

సందులోంచి ఫెస్టస్ అంతా విన్నాడు, చూశాడు. గేటు దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. చేతికర్ర గేటుకి ఆనించి మర్చిపోయి, ఎగుడుదిగుడు నేలలో తూలుకుంటూ వచ్చేశాడు.

"లే అట్రాక్టా."

"పో."

"లే. మళ్ళీ మొదలెట్టకు. నా వల్ల కాదు." ఆవిడ మోచెయ్యి పట్టుకుని లాగాడు. "ఆ ఏడాది నిన్ను ఈ చిత్తడిలోంచి ఎన్నిసార్లు లాక్కొచ్చామో నీకు తెలుసా? నైట్‌గౌనుతో వచ్చేసేదానివి. ఒకసారి బురదగుంటలో మెడ దాకా దిగిపోయావ్. వాడూ నేనూ తాడేసి లాగాం."

"నాకు గుర్తులేదు."

"వాడికి గుర్తుంది. చోటు తెలిస్తే నువ్వు దానితో పాటే పోతావని, చచ్చేదాకా చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

"చచ్చిపోయాడుగా."

"ఎవరు చచ్చేదాకానో చెప్పలేదు వాడు." ఫెస్టస్ నా వైపు తిరిగాడు. "నువ్వేం చెప్పావ్ దీనికి? నలభై మందా? నలభై మంది ఎవరూ లేరు. ఒక్కతే."

"మరి ఇన్ని రాళ్ళు?" అన్నాను.

"మలాకీవి. ఏటా ఒకటి. పాప పుట్టింది ఏప్రిల్లో. ఏప్రిల్లో బంగాళాదుంపలకి నాచు ఎరువు తేవడానికి సముద్రం ఒడ్డుకెళ్ళేవాళ్ళం. వాడొక తెల్లరాయి ఏరుకునేవాడు. మంచిది దొరికేదాకా గంటలు గంటలు తిరిగేవాడు, నేను బండి దగ్గర చలికి చచ్చేవాణ్ణి. వచ్చేటప్పుడు ఇక్కడాగి పెట్టేవాడు. చివరి రెండూ నేను పెట్టా, వాడి నడుం పడిపోయాక."

నేను రాళ్ళ వంక చూశాను. సముద్రం దొర్లిస్తే తప్ప అంత నునుపు రాదు. పాతది ఆ నాచుమట్టిలోకి దిగిపోతే దాని పైన ఇంకొకటి, అదీ మునిగితే ఇంకొకటి. నేలపొరలు చదివి జీతం తీసుకుంటాను నేను. ఆ పొరలు నాతో ఒక్క మనిషి గురించే చెబుతుంటే నేను ఊరంతటినీ చూశాను.

అట్రాక్టా బురదలోంచే అడిగింది. "నాచు తెచ్చిన రోజునా?"

"ఆ రోజునే."

"ఆ రోజు ఆలస్యంగా వచ్చేవాడు. తాగొచ్చాడని తిట్టేదాన్ని. ఏటా తిట్టా. ఒకేడాది తిండి కూడా పెట్టలేదు. తాగలేదని ఒక్కసారన్నా అన్లేదు."

"తాగలేదంటే మరి ఎక్కడికెళ్ళావంటావని," అన్నాడు ఫెస్టస్.

ఆవిడ ఇంటికి వెళ్ళనంది. కోల్‌మన్ ఒక బకెట్టు బోర్లించి, దాని మీద తన కోటు మడిచి వేసి కూర్చోబెట్టాడు. పైనుంచి ఒక్కొక్క రాయీ బొమ్మ గీసి తీశాం. అట్టడుగు రాయి మిగతావాటికన్నా చిన్నది. దాని కింద మట్టి రంగు మారింది. నేను తాపీ పక్కన పెట్టి వేళ్ళతో తీశాను.

ఎముక లేదు. నేను చెప్పినట్టే అది ఎప్పుడో కరిగిపోయింది. కానీ ఈ మట్టి ఎముకను తిన్నా ఉన్నిని వదిలేస్తుంది. గోధుమరంగుకు తిరిగిన ఉన్ని స్వెట్టర్ ఒకటి, మగవాడిది, ఉండలా చుట్టి ఉంది. రెండు చేతులూ ముందుకు తెచ్చి, ఎత్తుకున్నట్టుగా, ముడివేసి ఉన్నాయి. లోపల నల్లగా, మెత్తగా గుప్పెడు మట్టి తప్ప ఏమీ లేదు. కోల్‌మన్ వెళ్ళి తొట్టి అవతల నిలబడ్డాడు.

ట్రేలో పెట్టి ఆవిడ ఒళ్ళోకి ఇచ్చాను. నిబంధనల ప్రకారం ఇవ్వకూడదు. ఆవిడ ఏడవలేదు. అల్లిక మీద వేలితో తడుముకుంటూ వెళ్ళి మోచేతి దగ్గర ఆగింది.

"నేనల్లిందే. ఇక్కడ ఒక కుట్టు తప్పింది చూడు. విప్పడానికి బద్ధకమేసి వదిలేశా. సంతలో పోయిందన్నాడు. కొత్తది పారేసుకున్నాడని వారం రోజులు మాట్లాడలేదు నేను."

"నీ మంచికే చేశాడు అట్రాక్టా," అన్నాడు ఫెస్టస్.

"నా మంచికేనని నాకు తెలుసు. అదే నేను క్షమించలేకపోతున్నా." గొంతు పెంచలేదు. "ఏటా వచ్చాడు. ఏటా రాయి పెట్టాడు. నేను వంటింట్లో కూర్చుని ఏడుపు వింటుంటే, ఏం లేదు, అది ఉల్లంకి అని చెప్పి నిద్రపోయాడు. ఒక్క ఏడాది నా చెయ్యి పట్టుకుని తీసుకొస్తే నేను చచ్చిపోయేదాన్నా? మొదటేడు వద్దు. పదో ఏడు? ఇరవయ్యో ఏడు?"

వెలుతురు తగ్గుతోంది. నేను ఏదో ఒకటి అనాలని, ఫాదర్‌కి ఫోన్ చేస్తానన్నాను, మలాకీ గారి సమాధి తెరిపించడానికి రోజు అడుగుతానని.

"వద్దు," అంది.

"మీరు అడిగింది అదే కదా?"

"అప్పుడడిగా. మా పుట్టింటివాళ్ళ చోట, మా అమ్మ పక్కన జాగా ఉంది. దీన్ని అక్కడ పెట్టించు. నేనూ అక్కడికే పోతా."

ఫెస్టస్ నోరు తెరిచాడు. "మలాకీ సమాధిరాయి మీద నీ పేరు కూడా చెక్కి ఉంది కదే. పోయిన తారీఖు వెయ్యడమే మిగిలింది."

"చెరిపించు."

"వాడక్కడ ఒక్కడే ఉంటాడా?"

"యాభైయేళ్ళు ఆయన దగ్గరుంది ఫెస్టస్. ఇక నా దగ్గరుంటుంది."

ఆవిడ ట్రేని వానకోటు లోపలికి తీసుకుని, దాని మీదుగా గుండీలు పెట్టుకుంది. నేను అడ్డు చెప్పలేదు. కోల్‌మన్ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. గడ్డి మీద మేం తీసి పరిచిన తెల్లరాళ్ళు వరసగా తడుస్తున్నాయి.

"మరి ఇవి?" అన్నాను.

ఆవిడ వాటిని దాటుకుని గేటు వైపు అడుగేసింది.

"అవి ఆయనవి," అంది. "ఆయనకిచ్చెయ్యండి."